ఉలి దిగే ముందే

నిమ్మలకుంట తోలుబొమ్మ పగటిపూట సగమే కనిపిస్తుంది. గోడకు ఆనించి చూస్తే నల్లగీతల మధ్య రంగులు నింపిన బొమ్మ, అంతే. దాని వెనక దీపం వెలిగించాలి. అప్పుడు గీత చీకటిలా గట్టిపడుతుంది. ఎరుపూ పసుపూ నీలమూ లోపలినుంచి వెలుగుతాయి. కిరీటం, కంఠహారం, వడ్డాణం, కడియాలు తెల్లటి చుక్కలై మెరుస్తాయి. ఆ చుక్కల్లో రంగు లేదు, తోలు కూడా లేదు. అవి ఉలితో తొలిచిన కన్నాలు. బొమ్మ ఒంటిమీది ముత్యాలూ రత్నాలూ అన్నీ అక్కడి తోలు తీసేయడం వల్లే పుట్టాయి.

ఒక పెద్ద బొమ్మలో ఇలాంటి కన్నాలు వందల్లో ఉంటాయి. ఒక్కో కన్నం ఒక్కో సుత్తిదెబ్బ. పెన్సిలు గీత వంకరపోతే చెరిపి మళ్లీ గీసుకోవచ్చు. కన్నం పడ్డాక దిద్దుకోవడమనేది లేదు. హారంలో ఒక్క ముత్యం వరస తప్పినా పగటి వెలుతురులో ఎవరికీ కనిపించకపోవచ్చు గానీ, దీపం వెనక చేరగానే ఆ తప్పు ఊరందరికీ తెలిసిపోతుంది. అలాంటప్పుడు మొదటి దెబ్బకు ఉన్న నిదానం వందో దెబ్బకూ, ఆ తర్వాతి వందో దెబ్బకూ ఎలా నిలుస్తోంది? ఈ బొమ్మల్ని దగ్గరగా చూసిన ప్రతిసారీ నాకు మొదట తట్టే ప్రశ్న ఇదే.

ఒక్క బొమ్మకోసం తేల్చుకోవాల్సినవి ఎన్నో చూడండి: ఏ తోలు, ఎంత ఎత్తు, ముఖం ఎటు తిరగాలి, కన్ను ఎంత, ఒంటిరంగు ఏది, కిరీటం ఏ ఆకారం, చీర అంచు ఏ తీరు, కీళ్లు ఎన్ని. ప్రతిదాన్నీ కొత్తగా ఆలోచించి ఎంచుకోవాలంటే ఉలి పట్టే వేళకే మనసు అలిసిపోతుంది. నిమ్మలకుంట పనితనం ఇక్కడే మొదలవుతుంది. వీటిలో చాలా భాగం తరాల కిందటే తేలిపోయాయి. మిగిలిన కొద్దిపాటి ఎంపికల మీద, అందులోనూ తిరిగిరాని ఆ ఉలిదెబ్బ మీద, కళాకారులు తమ నిగ్రహం అంతా పెట్టగలుగుతున్నారు. ఈ బొమ్మల గొప్పదనం ఆ పంపకంలో ఉందని నా నమ్మకం.

నిమ్మలకుంట ధర్మవరం మండలంలోని ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది గానీ, ఆ ఎర్రనేల, ఆ ఎండ, ఆ వానలెక్క అనంతపురం పీఠభూమివే. ఇక్కడి బొమ్మలవాళ్ల ఇళ్లలో మరాఠీ కలిసిన మాట వినిపిస్తుంది. వీళ్ల పూర్వీకులు మరాఠీ సీమనుంచి వచ్చి, పెట్టెలో బొమ్మలు పెట్టుకుని ఊరూరా ఆటాడుతూ తిరిగి, చివరికి ఇక్కడ నిలదొక్కుకున్నవాళ్లు. ఆట మాత్రం తెలుగు కథల ఆట, తెలుగు పాటల ఆట. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే తోలుబొమ్మలాట ప్రస్తావన ఉంది. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపూ ఉంది. బిరుదులు వచ్చాయి, పేపర్లలో ఫొటోలు వచ్చాయి. పని ఎలా నడుస్తుందో చెప్పినవాళ్లే తక్కువ. అందుకే తోలు దగ్గరనుంచి మొదలుపెడతాను.

ఇప్పుడు వాడేది ఎక్కువగా మేకతోలు. వెనకట జింకతోలు కూడా వాడేవారు. తోలును నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక వెంట్రుకలూ లోపలి కొవ్వూ గీకేస్తారు. తర్వాత నాలుగువైపులా బిగలాగి ఎండబెడతారు. తంగేడు చెక్కతో పదునుచేసే చెప్పుల తోలు వేరు, ఇది వేరు. ఆ పదును పెడితే తోలు మెత్తబడి, ముదురు రంగుకు తిరిగి, వెలుతురును ఆపేస్తుంది. ఇక్కడ కావాల్సింది వెలుతురు దాటే తోలు. ఏమీ కలపకుండా గీకి, లాగి, ఎండబెట్టినందువల్లే అది బిరుసుగా, పలచగా, లేత గోధుమరంగు గాజులా తయారవుతుంది. రోజంతా కాసే ఈ సీమ ఎండ ఈ పనికి బాగా అక్కరకొస్తుంది. పంటకు చేటు చేసే ఎండే ఇక్కడ పనిముట్టు.

తోలు విషయంలో తేలిపోయినవి: మేకతోలు కావాలి, పదును పెట్టకూడదు, పెద్ద పాత్రకు ఒకటికి మించిన తోళ్లు పడతాయి. మిగిలింది ఒక్క ఎంపిక. ఏ తోలూ అంతటా ఒకేలా ఉండదు. వీపు దగ్గర మందం, పొట్ట దగ్గర పలచన, ఎక్కడో ఒక చోట మేక బతికినప్పటి గీరుడు మచ్చ. వీటిని వేళ్లతో తడిమి, వెలుగుకు ఎత్తిపట్టి చూసి, ముఖం ఎక్కడ పడాలో, కాలు ఎక్కడ పడాలో నిర్ణయించాలి. ఆ నిర్ణయానికి పుస్తకం లేదు. అందుకే చూపు మొత్తం అక్కడే ఉంటుంది.

తర్వాత గీత. పాత్ర ముఖం సాధారణంగా ఒక పక్కకు తిరిగి ఉంటుంది. పెద్ద కన్ను, మొనదేలిన ముక్కు, నిటారైన మెడ. రాముడి ఒంటికి నీలం. రావణుడికి పది తలలు. అరణ్యవాసంలో రాముడికి జటలు, పట్టాభిషేకంలో కిరీటం, రెండింటికీ రెండు బొమ్మలు. ఆటలో పాత్ర స్థితి మారితే బొమ్మే మారుతుంది. పెద్ద బొమ్మలు అయిదారు అడుగుల ఎత్తు ఉంటాయి. మన దేశపు నీడబొమ్మల్లో ఇంత పెద్దవి అరుదు. తెరకు అవతల కూర్చున్న మనిషికి, ఎంత వెనక వరసలో ఉన్నా, పాత్ర కనిపించగానే ఎవరో తెలియాలి. ఒక బొమ్మలవాడు తన ఇష్టానికి రాముడి రంగు మారిస్తే ఆ గుర్తింపు తెగిపోతుంది. కాబట్టి అక్కడ ఎంపిక లేదు, దాని గురించి చింతా లేదు.

ఈ గీతలకు దగ్గరి చుట్టం ఇదే సీమలో ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది చిత్రాలు చూసినవారికి ఈ పోలిక వెంటనే తడుతుంది. అదే పక్క ముఖం, అదే పెద్ద కన్ను, అదే మొనదేలిన ముక్కు. ఆ చిత్రకారులు కొద్ది మట్టిరంగులతోనే, ఒకే తీరు ముఖాలతోనే పనిచేశారు. అయితే ఆ బొమ్మల చీరల అంచులు, ఒళ్లు, తలపాగాల మడతలు చూడండి. రెండు చీరల మీద ఒకే పువ్వు ఉండటం కష్టం. ముఖం తేలిపోయింది కాబట్టి చిత్రకారుడి తెలివి అంతా అంచుకు దిగింది. బయటివాళ్లు దీన్ని అనుకరణ అంటారు. ఎక్కడ కట్టుబడాలో, ఎక్కడ తెగించాలో తెలిసిన చేతుల పని ఇది.

ఇక కన్నాలు. తోలును చెక్కదిమ్మ మీద పరిచి, ఉలి నిలబెట్టి, సుత్తితో కొడతారు. ఉలులు రకరకాలు: గుండ్రటి మొనది, నెలవంక మొనది, సన్నటి గీత మొనది. ఈ కొద్ది ఆకారాలతోనే అన్నీ పుట్టాలి. గుండ్రటి కన్నం చుట్టూ నెలవంకలు పేరిస్తే పువ్వు. గుండ్రటివి వరసగా పోతే ముత్యాల సరం. పెద్దదీ చిన్నదీ మార్చిమార్చి వేస్తే కిరీటపు అంచు. చీర మీద దూరదూరంగా చల్లితే బుటాలు. పనిముట్లు కొన్నే కావడం వల్ల చేతికి ప్రతి ఉలీ బరువుతో సహా గుర్తుంటుంది. ఏ ఉలి తీయాలో వెతుక్కునే పని ఉండదు.

ఇక్కడ మిగిలిన ఎంపిక ఒక్కటే, కానీ చాలా కఠినమైనది: కన్నానికీ కన్నానికీ మధ్య ఎడం. దగ్గర దగ్గరగా కొడితే నగ ధగధగలాడుతుంది. కానీ మధ్యలో మిగిలిన తోలు దారమంత సన్నమై, బొమ్మ ఆడేటప్పుడు తెగుతుంది. తోలుబొమ్మ గోడకు వేలాడేందుకు పుట్టలేదు. యుద్ధం చేయాలి, ఎగరాలి, ఇంకో బొమ్మను ఢీకొట్టాలి, రాత్రంతా ఆడాలి, ముడుచుకుని పెట్టెలో పడుకోవాలి, మళ్లీ లేవాలి. ఎడం పెంచితే బొమ్మ గట్టిగా ఉంటుంది గానీ నగ వెలవెలబోతుంది. మెరుపుకూ మన్నికకూ మధ్య ఆ సన్నటి హద్దును ప్రతి దెబ్బకూ కనుక్కోవాలి. అదీ ఆ తోలు అక్కడ ఎంత మందమో దాన్ని బట్టి. నడుము దగ్గర, మోచేయి దగ్గర తోలు ఎక్కువ నలుగుతుంది కాబట్టి అక్కడ కన్నాలకు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఛాతీ మీద హారానికి కొంత స్వేచ్ఛ ఉంటుంది. మంచి బొమ్మను వెలుగుకు పెట్టి చూస్తే ఈ ఆలోచన మొత్తం కంటికి కనిపిస్తుంది. ఎక్కడ ధైర్యం చేశారో, ఎక్కడ చేయి ఆపుకున్నారో చదువుకోవచ్చు. ఆపుకున్న చోట్లే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరుస్తాయి. ఇంకో రెండు కన్నాలు వేస్తే ఇంకా బాగుంటుందనిపించే చోట ఉలి పక్కన పెట్టడం అన్నిటికన్నా కష్టమైన నిగ్రహం.

రంగుల దగ్గరా ఇదే లెక్క. పూర్వం దీపపు మసినుంచి నలుపు, చెట్లనుంచీ మట్టినుంచీ మిగతావి తీసేవారు. ఇప్పుడు బజారులో దొరికే రంగులు వాడుతున్నారు. ఏ రంగయినా తోలులోకి ఇంకి, వెలుతురును దాటనివ్వాలి. పైన పూతగా నిలిచే రంగు దీపం ముందు నల్లటి మచ్చ అవుతుంది. అందుకే తోలుకు రెండువైపులా రంగు వేస్తారు. నలుపు వెలుతురును ఆపుతుంది, రంగు వడగడుతుంది, కన్నం వదిలేస్తుంది. ఈ మూడు మెట్ల వెలుగుతోనే మొత్తం రామాయణం నడుస్తుంది. చిత్రకారులు రంగుల గురించి ఆలోచిస్తే వీళ్లు వెలుతురు ఎంత దాటుతుందన్న దాని గురించి ఆలోచిస్తారు. పగటిపూట ఇంట్లో కూర్చుని, రాత్రి తెర మీద ఏమవుతుందో ముందే చూడగలగడం చిన్న విద్య కాదు.

చివరగా కీళ్లు. భుజం, మోచేయి, మణికట్టు, తొడ, మోకాలు విడివిడిగా కోసి, దారపు ముడులతో కలుపుతారు. నర్తకి బొమ్మకు కీళ్లు ఎక్కువ, కాబట్టి ఆమె నడకలో ఒయ్యారం ఎక్కువ. బొమ్మ నడిమధ్య నిలువుగా ఒక బద్ద, చేతులకు సన్నటి పుల్లలు. ముడి బిగువైతే చేయి కొయ్యలా నిలబడుతుంది, వదులైతే ఊగిసలాడుతుంది. ఎంత బిగువో చెప్పే కొలత ఏదీ లేదు, వేలికి తెలియాలి.

ఇంత కట్టుబాటులో పెరిగిన బొమ్మ తెర వెనక ఆటలోకి దిగాక చూడండి. పాటలు తెలిసినవే, కథ తెలిసినదే. మద్దెల, తాళాలు, హార్మోనియం, యుద్ధం వచ్చినప్పుడు కాళ్లకింద చెక్కల దడదడ, అన్నీ అలవాటైనవే. కుటుంబమంతా తెర వెనకే ఉంటుంది, ఆడ పాత్రలకు ఆడవాళ్లే గొంతిస్తారు. ఉన్నట్టుండి హాస్యపాత్రలు కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి వస్తారు. వాళ్ల మాటలకు కట్టుబాటు లేదు. ఆ రోజు ఆ ఊళ్లో జరిగిన సంగతి ఏదైనా వాళ్ల నోట పడొచ్చు. రాముడి మాట మారదు కాబట్టే బంగారక్క మాటకు అంత స్వేచ్ఛ. తెల్లవారేదాకా ఆడాల్సిన ఆటలో ప్రతి మాటనూ అప్పటికప్పుడు కల్పించాలంటే ఏ గొంతూ నిలవదు. తెలిసిన కథ వాళ్లను మోస్తుంది, హాస్యం దగ్గర మాత్రం వాళ్లు సొంతంగా నడుస్తారు. తెర వెనక పనిలోనూ, తోలు మీద పనిలోనూ ఒకే పొదుపు.

ఈ పొదుపు గురించి ఈ కాలపు శాస్త్రం కూడా ఆలోచించింది. 2008లో అమెరికాలో కాథ్లీన్ వోస్, రాయ్ బౌమైస్టర్, వారి సహచరులు కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. కొందరిచేత వరసగా వస్తువులు ఎంపిక చేయించారు. మరికొందరిని అవే వస్తువుల గురించి అభిప్రాయం మాత్రం అడిగారు. తర్వాత చల్లటి నీళ్లలో చేయి పెట్టి ఉంచమంటే, ఎంపికలు చేసినవాళ్లు ముందే చేయి తీసేశారు. ఒక దుకాణ సముదాయంలో ఎక్కువ ఎంపికలు చేసి వచ్చినవాళ్లు లెక్కలు చేయడంలో ముందే చేతులెత్తేశారు. ఎంచుకోవడానికీ తమాయించుకోవడానికీ మనసులో ఖర్చయ్యే శక్తి ఒకటేనని వారి వాదన. దీనికి ఎదురుగాలి కూడా గట్టిగానే వీచింది. నిగ్రహం అలా ఖర్చయిపోతుందన్న మూల సిద్ధాంతాన్ని 2016లో 23 ప్రయోగశాలలు రెండువేల మందికి పైగా మనుషులతో కలిసి పరీక్షిస్తే, దాని ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. మనసులో నిగ్రహం ఒక తొట్టిలో నీళ్లలా తరిగిపోతుందని ఇప్పుడు ఎవరూ ధీమాగా చెప్పలేరు.

అయినా ఈ సీమవాళ్లు పక్కన పెట్టలేని పరిశోధన ఒకటుంది. డీన్ స్పియర్స్ అనే ఆర్థికవేత్త రాజస్థాన్ పల్లెల్లో చేసి, 2011లో ప్రచురించాడు. మంచి సబ్బు తక్కువ ధరకు ఇస్తాం, కొంటారా అని అడిగాడు. ఆ తర్వాత చేతితో నొక్కి పట్టుకునే పరికరం ఇచ్చి ఎంతసేపు పట్టుకోగలరో చూశాడు. కొనాలా వద్దా అని తేల్చుకోవాల్సి వచ్చిన పేదవాళ్ల పట్టు ముందే సడలింది. కాస్త ఉన్నవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. ఉన్నవాళ్లకు సబ్బు కొనడం నిర్ణయమే కాదు. లేనివాళ్లకు దాని వెనక నూనె, ఉప్పు, పిల్లల పలక అన్నీ వరసకట్టి నిలబడతాయి. 2013లో ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్ తదితరులు తమిళనాడులో 464 మంది చెరకు రైతులను పరీక్షించినప్పుడూ ఇలాంటిదే కనిపించింది. పంట డబ్బు చేతికి రాకముందు ఆలోచన పరీక్షల్లో తడబడినవారే, డబ్బు వచ్చాక మెరుగ్గా చేశారు. మనుషులు వాళ్లే, చుట్టూ ఉన్న చింత వేరు.

అనంతపురం రైతుకు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన, అదీ సమంగా కురవదు. నైరుతి, ఈశాన్య రుతుపవనాల మధ్య ఒంటరిగా మిగిలిన నేల. ఈ వానకు విత్తనం వేయాలా, వచ్చే వానదాకా ఆగాలా? శనక్కాయా, కందా, జొన్నా? మొదటి విత్తనం ఎండిపోతే రెండోసారి అప్పు తేవాలా? గొడ్లను అమ్మాలా, మేత కొనాలా? బెంగళూరు పోవాలా, ఇంకో కార్తె చూడాలా? ఇవన్నీ ఒకే మనిషి, ఒకే వానాకాలంలో, తప్పితే తట్టుకునే దారి లేకుండా తేల్చుకోవాలి. గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించడంలో అర్థం ఉంది. పని ఉందన్న భరోసా కూలి ఇవ్వడంతోపాటు, కనీసం ఒక చింతను తగ్గిస్తుంది.

మన పెద్దలు ఈ భారాన్ని కొన్ని కట్టుబాట్లతో తేలిక చేసుకున్నారు. ఫలానా కార్తెలో వాన పడి, నేల పదునైతేనే గొర్రు కట్టాలి. అదను దాటితే శనక్కాయ ఆశ వదిలి ఉలవకు పోవాలి. ఈ నియమాలు ప్రతిసారీ గెలిపిస్తాయని కాదు. ఓడిన ఏడు కూడా రైతు ప్రతి మబ్బుకూ మొదటినుంచి తర్జనభర్జన పడకుండా కాపాడాయి. పొలంలోని ఆ తెలివే తోలు మీదా ఉంది. ఈ రెండు పనుల మధ్య చుట్టరికం కూడా ఉంది. వానలు ముఖం చాటేసిన ఏడు విరాటపర్వం ఆడిస్తే చినుకు పడుతుందని మన పల్లెల నమ్మకం. ఆట ఆడేవాళ్లకూ ఆడించుకునేవాళ్లకూ కరువు ఒకటే. పంట పోయిన ఊరు బొమ్మలవాళ్లకు సంభావన ఇవ్వలేదు. అలాంటి చోట ఒక్క తోలు పాడుచేసుకోవడం కూడా భరించలేని నష్టం. తప్పుకు చోటు తక్కువైన నేల మీద, తప్పు చేయని పద్ధతి పుట్టడం సహజం.

పక్కనే ధర్మవరంలో పట్టుచీర నేసే జకార్డ్ మగ్గం చూస్తే ఇదే ఆలోచన యంత్రరూపంలో కనిపిస్తుంది. మగ్గం పైన అట్టల గొలుసు ఉంటుంది, అట్టల నిండా కన్నాలు. ఒక్కో పోగు వేసేటప్పుడు ఏ పడుగు దారాలు లేవాలో, ఏవి కదలకూడదో ఆ కన్నాలు చెబుతాయి. అంచులోని హంస, కొంగులోని మామిడిపిందె అట్టల్లోనే తేలిపోయి ఉంటాయి. నేసేవాళ్ల చేతికి మిగిలేది దెబ్బ బిగువు, అంచూ ఒడలూ కలిసే చోటు, తెగిన పోగును కనిపించకుండా అతికే నేర్పు. అట్టలున్నాయి కదా అని చీర నాణ్యత తనంతట రాదు. అట్టలు భారం మోస్తున్నాయి కాబట్టి చేయి నాణ్యత మీద నిలుస్తుంది. నిమ్మలకుంటలో ఆ అట్టలు కళాకారుల బుర్రలో, తాత చేసిన పాత బొమ్మల్లో ఉన్నాయి.

ఇప్పుడు కాలం మారింది. రాత్రంతా కూర్చుని ఆట చూసే ఊళ్లు తగ్గాయి. బొమ్మ తెరను వదిలి ఇంటి అలంకరణలోకి వచ్చింది: దీపపు గూళ్లు, గోడకు తగిలించే బొమ్మలు, గుమ్మాల మీది తోరణాలు, గదిని విడదీసే తెరలు. ‘లేపాక్షి’ పేరుతో నడిచే ప్రభుత్వ హస్తకళల దుకాణాల్లో, పట్నాల ప్రదర్శనల్లో ఇవి కనిపిస్తాయి. ఈ మార్పును నేను నష్టంగా చూడను. అందులోనూ దీపపు గూడు గొప్ప ఉపాయం. దాని లోపల బల్బు వెలిగితే తోలు వెనక మళ్లీ వెలుగు వచ్చినట్టే. నలుపు ఆపుతుంది, రంగు వడగడుతుంది, కన్నం వదిలేస్తుంది. తెర పోయినా పని ప్రాణం నిలిచింది. వందల ఏళ్ల తెలివిని ఒక్క వెలుగు రేకూ చెదరకుండా కొత్త వస్తువులోకి తెచ్చుకున్నారు. ఇంత చక్కటి మార్పు మన చేతిపనుల్లో అరుదు.

కష్టం వేరే చోట వచ్చింది. కథ తేల్చిపెట్టినవన్నీ కొనేవాళ్లు మళ్లీ తెరుస్తున్నారు. నెమలి కావాలి, బుద్ధుడు కావాలి, చెట్టు కావాలి, మా గోడకు సరిపోయే రంగు కావాలి, ఇంకాస్త చిన్నగా, ఇంకాస్త తక్కువ ధరకు. ఒక్కో గిరాకీకి కొలత, రంగు, ఆకారం, గడువు అన్నీ కొత్తగా ఆలోచించుకోవాలి. పనివేళలో కొంత భాగం ఇలా తేల్చుకోవడంలోనే పోతే, ఎడం చూసి కన్నం కొట్టే ఓపికకు మిగిలేది తగ్గుతుంది. తొందరలో చేసిన వస్తువును వెలుగుకు పట్టి చూస్తే ఆ లోటు తెలుస్తుంది: నగలు పలచబడతాయి, కన్నాలన్నీ ఒకే ఉలివి అవుతాయి, అంచు ఏదో గీతతో ముగుస్తుంది. అది కళాకారుల నేర్పు తగ్గడం వల్ల జరిగింది కాదు. వాళ్ల చూపును మనం ముక్కలు చేశాం.

ఈ పరిస్థితిలోనూ మంచి పనివాళ్లు తమ సొంత కట్టుబాట్లు కట్టుకోవడం చూస్తే గౌరవం కలుగుతుంది. నెమలి కొత్తదే, కానీ దాని పింఛంలో వేసే కన్నాల వరస పాత కిరీటం నుంచి వచ్చింది. చెట్టు కొత్తదే, దాని ఆకుల అంచు సీత చీర అంచు నుంచి వచ్చింది. కొత్త వస్తువుకు పాత వ్యాకరణం తొడిగి, తేల్చుకోవాల్సినవాటిని మళ్లీ కొద్దికి కుదించుకుంటున్నారు. సంప్రదాయం ఈ రకంగా పెరగడం మంచిది. పిల్లలకు నేర్పేటప్పుడూ వరస ఇదే కావాలి: ముందు గుండ్రటి కన్నాల సరం, తర్వాత పువ్వు, తర్వాత అంచు, తర్వాత కిరీటం. మొదటి రోజే నీ ఇష్టమొచ్చిన బొమ్మ వేయమంటే పిల్లవాడికి స్వేచ్ఛ ఇచ్చినట్టు కనిపిస్తుంది గానీ, తడబాటు ఇచ్చినట్టు అవుతుంది. చేయి కుదిరాక వచ్చే స్వేచ్ఛే వాడికి ఉపయోగపడేది.

కొనేవాళ్లకు, శిక్షణలు పెట్టేవాళ్లకు, ప్రభుత్వ సంస్థలకు నా విన్నపం ఒకటే. కొన్ని కొలతలూ వస్తువులూ ముందే స్థిరపరచండి. అవి కళాకారులతో కలిసి కూర్చుని తేల్చండి. ఆపైన ప్రతి బొమ్మకూ కొత్త కోరికలు చేర్చకండి. రంగులు వాళ్లకు వదిలేయండి. గడువు పొడిగించండి. ధర బేరమాడే ముందు ఆ వస్తువును దీపం ముందు పట్టుకుని, హారం మొదటినుంచి చివరిదాకా కన్నాల ఎడం చూడండి. చివరి కన్నం మొదటిదానంత నిదానంగా పడి ఉంటే, మీరు చేతిలో పట్టుకున్నది ఏమిటో మీకు అర్థమవుతుంది.

మనం నిగ్రహాన్ని మనిషి గుణంగా చూడటానికి అలవాటుపడ్డాం. అది ఉన్నవాడు గట్టివాడని, అది లేనివాడు బలహీనుడని తీర్పు చెబుతాం. నిమ్మలకుంట పని ఈ తీర్పును సరిదిద్దుతోంది. నిగ్రహం నిలవాలంటే దానికి చోటు సిద్ధం చేయాలి. చిన్న విషయాలు ముందే తేల్చి పెట్టాలి, తిరిగిరాని దెబ్బ ఎక్కడుందో గుర్తించాలి, మనసంతా అక్కడ మిగిలేలా పనిని అమర్చాలి. వాన తక్కువ, తోలు ఖరీదు, తప్పుకు చోటు లేని సీమలో చదువూ ప్రయోగశాలా లేకుండా ఈ అమరికను తరాలపాటు మెరుగుపరిచారు. వీళ్లను మంచి చేతిపనివాళ్లంటే సరిపోదు. పని గురించీ మనసు గురించీ లోతుగా ఆలోచించినవాళ్లని కూడా మనం నోరారా చెప్పాలి, ఆ లెక్కనే వాళ్ల శ్రమకు వెల కట్టాలి.